మా అమ్మాయి అడ్వర్టైజింగ్, పీఆర్ చదువుతానంటోంది. ప్రైవేటు యూనివర్సిటీలో 14 లక్షలు పెట్టొచ్చా?

పేట_బట్టలకొట్టు (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. నాకు పేటలో చిన్న బట్టల కొట్టు ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, 941 మార్కులు. బీటెక్‌లో చేరమంటే ససేమిరా అంటోంది. అడ్వర్టైజింగ్, పబ్లిక్ రిలేషన్స్ అని మూడేళ్ల డిగ్రీ ఉందట, హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. ఏడాదికి ఫీజు 3.4 లక్షలు, హాస్టల్ 1.3 లక్షలు. అంటే మొత్తం 14 లక్షల పైమాటే. పోయిన ఆదివారం వెళ్లి చూసొచ్చాం. ఏసీ క్లాసులు, స్టూడియో, కెమెరాలు, లోపలే కాఫీ షాపు. కౌన్సెలర్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. శుక్రవారం లోపు 50 వేలు కడితే స్కాలర్‌షిప్ కింద 10 శాతం తగ్గిస్తారట.

నా అనుమానం ఏంటంటే, పీఆర్వో అంటే నాకు తెలిసినవాళ్లు ముగ్గురే. ఎమ్మెల్యే గారి దగ్గర తిరుమల దర్శనం లెటర్లు రాయించి పెట్టేవాడు ఒకడు, ఆసుపత్రి తరఫున ఊళ్లలో ఆర్‌ఎంపీల చుట్టూ బండి మీద తిరిగేవాడు ఒకడు, సినిమా ఫంక్షన్లలో స్టేజి పక్కన నిలబడేవాడు ఒకడు. దీనికి 14 లక్షలు పెట్టి చదవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు

941 తెచ్చుకున్న పిల్లని ప్రకటనలు రాసుకోమని పంపుతారా? కంప్యూటర్స్‌లో చేర్పించండి. తర్వాత కావాలంటే ఎంబీఏ చేసుకుంటుంది.

డాలస్_బావ

ఇదేదో అమెరికాలో చేయించండి. ఇక్కడ యాడ్ స్కూల్స్ సూపర్.

మాజీ_ఫైనలియర్

బావగారూ, అక్కడ స్టెమ్ లిస్టులో, అంటే సైన్స్, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల జాబితాలో, లేని కోర్సు చదివితే తర్వాత పని చేసుకోవడానికి ఒక్క ఏడాదే ఇస్తారు. అడ్వర్టైజింగ్ కోర్సులు చాలావరకు ఆ లిస్టులో ఉండవు. పేట నుంచి అప్పు చేసి పంపే చదువు కాదది.

అంకుల్, నేను అచ్చం ఇలాంటి కోర్సే, ఇలాంటి చోటే చదివాను. పేరు చెప్పను. మీరు చూసిన ఆ స్టూడియో మా దగ్గరా ఉండేది. మూడేళ్లలో నేను ఆ కెమెరా ముట్టుకున్నది నాలుగు సార్లు. మిగతా రోజుల్లో తాళం వేసి ఉండేది, మీలాంటి వాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు తీసేవాళ్లు. పాఠాలు చెప్పింది యూనివర్సిటీ వాళ్లు కాదు, 'ఇండస్ట్రీ పార్ట్‌నర్' అని బయటి కంపెనీ. రెండో ఏడాది మధ్యలో వాళ్లకీ వీళ్లకీ లెక్కల దగ్గర చెడింది. ఒక్క సెమిస్టర్‌లో మీడియా ప్లానింగ్ పేపరుకి ముగ్గురు సార్లు మారారు.

అన్నిటికంటే నవ్వొచ్చే సంగతి ఇంటర్న్‌షిప్. యాడ్ ఏజెన్సీకి పంపిస్తారనుకున్నాం. మా క్లాసులో సగం మందిని యూనివర్సిటీ అడ్మిషన్ల కాల్ సెంటర్‌లోనే కూర్చోబెట్టారు. హెడ్‌సెట్ పెట్టుకుని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకి రోజుకి 120 ఫోన్లు. "శుక్రవారం లోపు కడితే స్కాలర్‌షిప్" అన్న ముక్క నా నోటితో కొన్ని వందల సార్లు చెప్పాను. ప్రతి వారానికీ ఒక శుక్రవారం ఉంటుంది అంకుల్. కంగారు పడకండి.

పేట_బట్టలకొట్టు

బాబూ, నేనూ కొట్టు బయట "ఈ మూడు రోజులే" అని బోర్డు పెడతాను. ఆ బోర్డు పెట్టి రెండేళ్లయింది. అర్థమైంది.

కాపీరాత (హైదరాబాద్)

నేను యాడ్ ఏజెన్సీలో కాపీ, అంటే ప్రకటనల్లో ఉండే మాటలు, పదకొండేళ్లుగా రాస్తున్నాను. ముందు మాస్టారికి ఒక మాట. ప్రకటనలు రాసుకోవడం అంటే అంత చులకన ఎందుకు సార్? పేటకి పక్కనే ఉన్న వినుకొండ మనిషే ఏ.జి. కృష్ణమూర్తి గారు. 1980లో అహ్మదాబాద్‌లో 35 వేల రూపాయలతో, విమల్ బట్టలు అనే ఒకే ఒక్క క్లయింట్‌తో ముద్రా అనే యాడ్ ఏజెన్సీ పెట్టారు. అది దేశంలోని పెద్ద ఏజెన్సీల్లో ఒకటయింది. ఇంగ్లిష్ దొరల చేతుల్లో ఉన్న రంగంలోకి మన పల్నాటి మనిషి దూరి చేసిన పని అది. ఈ పని నేర్పడానికంటూ బడి ఉండాలని ముద్రా తరఫున 1991లో అహ్మదాబాద్‌లోనే మైకా పెట్టించిందీ ఆయనే. ఆ కాలేజీకి ఇవాళ్టికీ మంచి పేరుంది.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. మైకా పేరున్న కోర్సు పీజీ. మైకాట్ అని వేరే పరీక్ష రాయాలి, ఫీజు 20 లక్షలు దాటింది. పుణెలో సింబయాసిస్ వాళ్లకి డిగ్రీ వేరు, ఎంబీఏ వేరు. ఢిల్లీ ఐఐఎంసీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) అడ్వర్టైజింగ్, పీఆర్ పీజీ డిప్లొమా ఉంది, అది 1965లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, ఫీజు వీటితో పోలిస్తే చాలా తక్కువ, సీయూఈటీ పీజీ రాసి వెళ్లాలి. మా రంగంలో పేరు పలికే చదువులు ఎక్కువగా డిగ్రీ తర్వాతవే. కాబట్టి డిగ్రీకే 14 లక్షలు ఊడ్చేస్తే పీజీకి ఏం మిగులుతుంది? నేనైతే మొదట ఈ లెక్క వేస్తాను.

వైట్‌కోట్_పీఆర్వో

బట్టల కొట్టు అన్నగారూ, మీరు చెప్పిన ముగ్గురిలో రెండోవాడు నా సహోద్యోగే! మన దగ్గర ఆసుపత్రుల్లో రెండు రకాల పీఆర్వోలుంటారు. బండి మీద తిరిగేది మార్కెటింగ్. కార్డు మీద పీఆర్వో అని వేయించుకుంటారంతే. నేను కూర్చుని రాసే పీఆర్వోని. రెండూ ఒకటే అనుకుని మా మేనమామ ఇప్పటికీ మా ఇంట్లో వాళ్లని "కమిషన్ ఎంతొస్తుందేం" అని అడుగుతాడు.

అసలు పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. నేను ఇంతకుముందు చేసిన ఆసుపత్రిలో ఒకరోజు మధ్యాహ్నం లిఫ్టు ఆగిపోయింది. లోపల స్ట్రెచర్ మీద పేషెంట్, వార్డు బాయ్, పేషెంట్ కూతురు. 22 నిమిషాలు. కూతురు లోపల్నుంచే వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టింది. నాలుగింటికల్లా టీవీలో స్క్రోలింగ్: "ఆసుపత్రి లిఫ్టులో రోగి నరకయాతన". ఎండీ గారు "ఎవరూ ఏమీ మాట్లాడొద్దు" అని తన గది తలుపేసుకున్నారు. జిల్లా పేజీలు సాయంత్రమే కట్టేస్తారు. ఆ లోపు మా మాట వెళ్లకపోతే పొద్దున పేపర్లో వాళ్ల మాటే ఉంటుంది.

నా పైఆఫీసర్ రాసిచ్చిన ప్రెస్ నోట్ "ఈ ఘటన పట్ల యాజమాన్యం తీవ్ర విచారం వ్యక్తం చేస్తూ..." అని మొదలైంది. అది కొట్టేసి నేను నాలుగే వాక్యాలు రాశాను. 2.10కి లిఫ్టు ఆగింది. 2.32కి తలుపు తెరిచాం. పేషెంట్‌కి ఆక్సిజన్ అందుతూనే ఉంది, ఇప్పుడు ఫలానా వార్డులో ఉన్నారు. లిఫ్టు తనిఖీ అయ్యేదాకా వాడం. పంపేముందు ఆ కూతురి దగ్గరికెళ్లి చదివి వినిపించాను. "22 కాదు, నాకు గంటలా అనిపించింది, అది కూడా రాయండి" అంది. రాశాను. మర్నాడు వార్త వచ్చింది, కానీ 'నరకయాతన' పోయింది. ఎండీ గారికి మాత్రం ఆ చివరి వాక్యం ఎందుకు రాశానో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంకో ఆరు నెలలకి నేనే మానేశాననుకోండి, అది వేరే కథ.

ఇది ఏ యూనివర్సిటీలోనూ పూర్తిగా నేర్పరు. కానీ ఇలాంటి కేసులు తెచ్చి గంటలో నోట్ రాయించే టీచర్ ఒక్కరున్నా చాలు. వెళ్లి ఆ టీచర్ ఉన్నారా లేదా అడగండి. కాఫీ షాపు సంగతి వదిలేయండి.

లెక్కలమాస్టారు

వినుకొండ ఆయన సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఆయన మాత్రం ప్రకటనల డిగ్రీ చేసి రాలేదు కదా, అది కూడా రాయండి.

సరే, వద్దంటే వినేలా లేరు కాబట్టి కాగితాలైనా సరిగ్గా చూసుకోండి. ప్రైవేటు యూనివర్సిటీ అంటే రాష్ట్ర చట్టం కింద వచ్చింది. తెలంగాణలో ఆ చట్టం 2018లో, ఆంధ్రలో 2016లో చేశారు. యూజీసీ చట్టం సెక్షన్ 2(ఎఫ్) కింద దాని పేరు జాబితాలో ఉండాలి. డీమ్డ్ అయితే సెక్షన్ 3. రెండు జాబితాలూ యూజీసీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా పక్కనే ఉంటుంది. ప్రైవేటు యూనివర్సిటీకి ఇంకో కాలేజీని అనుబంధంగా చేర్చుకునే అధికారం లేదు. "మేం ఫలానా యూనివర్సిటీతో కలిసి నడుపుతున్నాం" అని వేరే బిల్డింగ్‌లో ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. రసీదు ఎవరి పేరు మీద ఇస్తారో చూడండి.

ఫీజు వాపసు మీద యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానుకుంటే ఫీజంతా తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 వేలకు మించి పట్టుకోకూడదు. చివరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే పైసా రాదు. ఆ తర్వాతి సర్క్యులర్లలో ఇంకాస్త వెసులుబాటు ఇచ్చారు, ఈ ఏడాదిది చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి అక్కడే వెనక్కి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ఇమ్మంటే జిరాక్సులు ఇవ్వండి. మా అన్నయ్య మనవడి సర్టిఫికెట్లు ఒకచోట ఎనిమిది నెలలు ఇరుక్కున్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సెకండియర్_సిరి

నేను ప్రస్తుతం ఇదే కోర్సు చదువుతున్నాను, వేరే ప్రైవేటు యూనివర్సిటీలో. అందరూ భయపెడుతున్నారు కానీ అంత ఘోరంగా ఏమీ లేదు అంకుల్. మాకు మీడియా ప్లానింగ్ చెప్పే మేడమ్ ఏజెన్సీలో చేసి వచ్చారు. మొన్న ఒక ప్రాజెక్టు ఇచ్చారు: ఒక పచ్చళ్ల బ్రాండు, ఉభయ గోదావరి జిల్లాలు, చేతిలో 5 లక్షలు. దేనికెంత పెడతారో చెప్పమన్నారు. నేను సగం డబ్బు పేపర్ యాడ్‌కి పెట్టేశాను. పేపర్లో చోటు చదరపు సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు, రేటు చూశాక కళ్లు తిరిగాయి, నా డబ్బుకి విజిటింగ్ కార్డంత యాడ్ వచ్చింది. మా ఫ్రెండ్ ఆర్టీసీ బస్సుల వెనక బోర్డులు, లోకల్ కేబుల్ స్క్రోలింగ్, ఆవకాయ పెట్టే నెలలో మాత్రమే ఎఫ్ఎం అని రాసింది. మేడమ్ దాని పేపర్ అందరికీ చూపించారు. నా పేపర్ కూడా చూపించారు, వేరే కారణంతో 🙂

మాజీ_ఫైనలియర్

సిరీ, నీ అదృష్టం. ప్లేస్‌మెంట్స్ ఎలా ఉన్నాయో కూడా చెప్పు.

సెకండియర్_సిరి

బ్రోషర్‌లో '100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని ఉంది.

కాపీరాత

ఆ 'అసిస్టెన్స్' అనే మాట రాసినవాడికి నా దండం. పైన హోర్డింగ్ సైజులో '100', కింద ఆవగింజంత అక్షరాల్లో 'అసిస్టెన్స్'. సాయం చేస్తామన్నారు గానీ ఉద్యోగం ఇప్పిస్తామనలేదు.

ఇలాంటి మాటలకి మా రంగంలోనే నియమాలున్నాయి. ప్రకటనల తీరు చూసుకోవడానికి 1985లో ఆస్కీ అని ఏజెన్సీలు, కంపెనీలు, మీడియా వాళ్లు కలిసి పెట్టుకున్న సంస్థ ఉంది. విద్యాసంస్థల ప్రకటనలకి దాని దగ్గర ప్రత్యేక నియమాలున్నాయి. చేరితే ఉద్యోగం వస్తుందని నమ్మించాలంటే రుజువు చూపించాలి, గతంలో వచ్చినంత మాత్రాన రేపూ వస్తాయన్న గ్యారంటీ లేదని కూడా రాయాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. టీవీలో ఊపిరి తీసుకోకుండా ఒకటి ఒకటి రెండు రెండు అని ర్యాంకులు చదివే యాడ్స్ విని పెరిగిన రాష్ట్రం మనది. అడ్వర్టైజింగ్ నేర్పే యూనివర్సిటీ బ్రోషర్‌నైనా పెన్ను పట్టుకుని చదవండి. 'అత్యధిక ప్యాకేజీ' అని ఉంటే ఏ కోర్సు వాడికి అని అడగండి. తొంభై పాళ్లు అది బీటెక్ వాడిది అయ్యుంటుంది.

మాజీ_ఫైనలియర్

మా దగ్గర సరిగ్గా అదే. మా బ్యాచ్‌లో 38 మందిమి. ఏజెన్సీల్లోకి వెళ్లింది ఆరుగురం. నా మొదటి జీతం 19 వేలు, మాదాపూర్‌లో పీజీ హాస్టల్‌కి 8 వేలు పోయేది. ఇప్పుడు నాలుగేళ్లకి 48 వేలు. బాగానే ఉన్నాను, అబద్ధం చెప్పను. కానీ ఆ ఉద్యోగం డిగ్రీ చూసి ఇవ్వలేదు. కాలేజీ ఎదురుగా ఉన్న బిర్యానీ పాయింట్‌కి ఊరికే రాసిచ్చిన పోస్టర్లు చూసి ఇచ్చారు.

అరుణ్_ఏలూరు

ఇప్పుడన్నీ ఏఐ రాసేస్తోంది కదా, ఈ కోర్సులు ఇంకా ఎందుకు?

కాపీరాత

ఏఐ రాకముందు కూడా మాకు ముంబయి నుంచి ఇలాంటివే వచ్చేవి అరుణ్ గారూ. ఒక టీ పొడికి హిందీలో "దిన్ బన్ జాయేగా" అని ఉంది. తెలుగులో "మీ రోజు తయారవుతుంది" అని చేసి పంపారు. రోజేమైనా ఇడ్లీ పిండా తయారవడానికి? నేను "పొద్దున్నే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది" అని రాశాను. వాళ్లకి అర్థం కావడానికి మూడు ఫోన్లు పట్టింది. మామూలు సరుకు రాసే పనులు ఏఐకి పోతున్నాయి, నిజమే. పెద్ద ఏజెన్సీలూ ఒకదాన్నొకటి మింగుతున్నాయి. ముద్రాని 2011లో కొన్న ఆమ్నికామ్ అనే అమెరికా యాడ్ కంపెనీ, 2025 నవంబరులో ఐపీజీ అనే ఇంకో పెద్ద యాడ్ కంపెనీని కూడా కలిపేసుకుంది. టెన్షన్ లేదని నేను చెప్పను. అయినా "ప్రాణం లేచొచ్చింది" అని తట్టే మనిషికి ఇంకా పని దొరుకుతోంది.

పేట అన్నగారూ, ఒక పని చేయండి. ఆషాఢం వస్తోంది, ఎలాగూ డిస్కౌంట్ పెడతారు. పాంప్లెట్ అమ్మాయితో రాయించండి. ఇక్కడ పెట్టండి, చూద్దాం.

పేట_బట్టలకొట్టు

ఇదిగో రాసింది:
"నాణ్యతకు మారుపేరు! నమ్మకానికి చిరునామా! ఆషాఢం బంపర్ ఆఫర్! త్వరపడండి!!"
నాకైతే బాగుంది.

కాపీరాత

అమ్మాయికి చెప్పండి, ఇందులో మీ కొట్టు పేరు తీసేసి బోర్‌వెల్స్ పేరు పెట్టినా సరిపోతుంది. ఇది మీరు మెచ్చుకోవాలని రాసింది. ఆషాఢమంటే మీ ఇంట్లో, మీ వీధిలో ఏం జరుగుతుందో అది రాయమనండి.

పేట_బట్టలకొట్టు (రెండు రోజుల తర్వాత)

అలిగి ఒక పూట అన్నం తినలేదు. తర్వాత ఇది రాసింది:

"ఆషాఢంలో అల్లుడుగారు అత్తారింటి గుమ్మం తొక్కకూడదు.
చీర పంపడానికి ఏ అభ్యంతరమూ లేదు."

కింద పట్టుచీరల మీద 20 శాతం అని చిన్నగా పెట్టింది. నేను మూడు అనుమానాలు చెప్పాను. కొట్టు పేరు చిన్నదైపోయింది. డిస్కౌంట్ పైన లేదు. అల్లుడు గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే మన కొట్టుకెందుకొస్తాడు? మొదటి రెండూ వినలేదు. మూడోదానికి మాత్రం ఆలోచించి ఇంకో లైను కలిపింది: "వాట్సాప్‌లో చీర చూసుకోండి, పుట్టింట్లో ఉన్న మీ ఆవిడకి మేమే అందిస్తాం."

వైట్‌కోట్_పీఆర్వో

అబ్బ! ఈ పిల్లని నాకిచ్చేయండి అన్నగారూ.

కాపీరాత

ఆ మూడో లైను రాసింది చూశారా, అది కాపీ కాదు, వ్యాపారం. రెండోది, మీరు 'పేరు పెద్దది చెయ్యి' అన్నారు, అంటే అధికారికంగా క్లయింట్ అయిపోయారు. మొదటి వాక్యంలో 'గారు' ఉంచండి, ఆ మర్యాదలోనే నవ్వుంది. పాంప్లెట్ మూల చింపి తెస్తే జాకెట్టు గుడ్డ ఫ్రీ అని పెట్టండి, ఎంతమంది చదివారో లెక్క తెలుస్తుంది.

లెక్కలమాస్టారు

నా భార్యకి చదివి వినిపించాను. నవ్వింది. ఇంతకీ చీర కొనలేదేమని అడిగింది. ఈ చర్చ నాకు ఖర్చు పెట్టేలా ఉంది.

పేట_బట్టలకొట్టు (ఐదు వారాల తర్వాత)

అందరికీ చెప్పాలని వచ్చాను. పేపర్లలో పెట్టించి 2,000 పాంప్లెట్లు పంచాం. 41 మంది మూల చింపి తెచ్చారు. వాట్సాప్‌లో 7 చీరలు పోయాయి, ఒకటి బెంగళూరులో ఉన్న అబ్బాయి పంపించాడు. ఆ చీర ఇవ్వడానికి మా అమ్మాయే వెళ్లింది. అత్తగారు గుమ్మంలోనే విప్పి చూసి, "అల్లుడికి రంగులు తెలీవనుకున్నానే" అందట.

చదువు సంగతి. మొదటి యూనివర్సిటీకి మళ్లీ వెళ్లి మీరు చెప్పినవన్నీ అడిగాం. పాఠాలు చెప్పేవాళ్ల పేర్లు ఇవ్వమంటే "సెమిస్టర్ మొదలయ్యాక తెలుస్తుంది" అన్నారు. పోయిన బ్యాచ్‌లో ఈ కోర్సు వాళ్లు ఎక్కడ చేరారో రాసివ్వమంటే కౌన్సెలర్ మంచినీళ్లు తెప్పించింది. వచ్చేశాం. శుక్రవారాలు నాలుగు పోయాయి, ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు, ఇప్పుడు తగ్గింపు 25 శాతమట. ఎత్తినప్పుడల్లా మన మాజీ ఫైనలియర్ బాబే గుర్తొచ్చి గట్టిగా మాట్లాడలేకపోతున్నాను.

ఇంకో ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చాం. ఏడాదికి 1.6 లక్షలు. బిల్డింగ్ అంత గొప్పగా లేదు, క్యాంటీన్‌లో టీ బాగోలేదు. క్లాసులో గంటసేపు కూర్చోనిచ్చారు. మేడమ్ ఒకావిడ పిల్లల చేత రేడియో ప్రకటన రాయించి, ఫోన్‌లో టైమర్ పెట్టి చదివించింది. 20 సెకన్లు దాటగానే "కట్" అనేసింది. ఒక పిల్లాడి ప్రకటనలో కొట్టు పేరు రాకముందే కట్ అయింది. మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. సర్టిఫికెట్లు చూసి వెనక్కిచ్చారు మాస్టారూ. మిగిలిన డబ్బు పీజీకని ఎఫ్‌డీ వేశాను.

ఒక్క చిక్కు. దసరాకి ఇంకో పాంప్లెట్ రాయమ్మా అంటే "బ్రీఫ్ పంపించు నాన్నా" అంటోంది. బ్రీఫ్ అంటే ఏం రాయాలి?

కాపీరాత

ఎవరు కొనాలి, ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు, మీ దగ్గరికే ఎందుకు రావాలి. ఒక్క పేజీ దాటకూడదు. కొట్టు పేరు ఎంత పెద్దదుండాలో మాత్రం రాయకండి.

లెక్కలమాస్టారు

ముందు రేటు మాట్లాడుకోండి. ఈసారి ఫ్రీగా రాసేలా లేదు.